స్కేలు లెక్కలు: గుణించాలా, భాగించాలా అని అడిగిన దేవరకొండ అమ్మకు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ బాబు ఏడో తరగతి. "ఒక పటంలో 2 సెం.మీ. 25 కి.మీ.లను సూచిస్తుంది. పటంలో 7 సెం.మీ. దూరంలో ఉన్న రెండు పట్టణాల మధ్య అసలు దూరం ఎంత?" అన్న లెక్కకు వాడు 7 × 25 = 175 అని రాశాడు. రెండుతో భాగించాలి కదా అని మీరు దిద్దారు. తర్వాతి లెక్కలో 1 సెం.మీ.కు 5 మీటర్లు అని ఉంటే అక్కడా రెండుతో భాగించుకొచ్చాడు. మీకు ఓపిక అయిపోయి, "ఎప్పుడు గుణించాలి, ఎప్పుడు భాగించాలి, ఒక్క సూత్రం చెప్పండి సార్, బట్టీ పట్టిస్తాను" అన్నారు.

ఆ సూత్రం నా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వను. మొదట పాలమూరు వైపు, తర్వాత నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కల సారుగా పనిచేశాను. ఈ పాఠంలో గుణకారం రాక తప్పిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. అందరూ తప్పేది ఒక్కచోటే. ఏ కొలత కాగితం మీదిది, ఏ కొలత నేల మీదిది అన్నది చూసుకోకుండా అంకెలు ఏరుకుని కలిపేస్తారు. "గుణించాలా, భాగించాలా" అన్న ప్రశ్న నోట్లోంచి వచ్చిందంటేనే వాడు లెక్క చదవలేదని అర్థం.

మీ వాణ్ణి ఒకటి అడిగి చూడండి. రెండు కిలోల టమాటాలు 25 రూపాయలైతే ఏడు కిలోలు ఎంత? 175 అనడు. అన్నాడంటే కూరగాయలకు వాణ్ణి పంపకండి. ఏడు కిలోల్లో రెండు కిలోలు ఎన్నిసార్లు ఉన్నాయి? మూడున్నర సార్లు. మూడున్నర ఇరవై అయిదులు ఎనభై ఏడున్నర. పటం లెక్క కూడా ఇదే. జవాబు 87.5 కి.మీ. బడిలో దీన్నే 2 : 25 = 7 : ? అని రాయించి, అంత్యాల (చివరి రెండు అంకెల) లబ్ధం మధ్యమాల (నడుమ ఉన్న రెండు అంకెల) లబ్ధానికి సమానం అంటారు. అదీ సరైనదే, మార్కులకు అలాగే రాయాలి కూడా. కానీ ముందు టమాటాలు, తర్వాత అంత్యాలు, మధ్యమాలు.

రాసే పద్ధతి ఒకటే అలవాటు చేయండి. నోట్‌బుక్కులో నిలువుగా ఒక గీత గీసి ఎడమ పక్క "కాగితం", కుడి పక్క "నేల" అని రాయమనండి. లెక్కలోని ప్రతి అంకె ఈ రెండు గళ్లలో ఏదో ఒకదాంట్లో పడాలి. 2 సెం.మీ. కాగితం, 25 కి.మీ. నేల, 7 సెం.మీ. కాగితం, అడిగింది నేల. మోడల్ లెక్కలైతే "బొమ్మ", "అసలు" అని పేర్లు మార్చుకుంటే సరి. అంకెను గడిలో పెట్టకముందు పెన్ను కదలొద్దు. పిల్లలకు మొదట్లో విసుగు పుడుతుంది, వారంలో అలవాటైపోతుంది.

తర్వాత, లెక్క చెయ్యకముందు జవాబు ఏ మాత్రం ఉండొచ్చో నోటితో చెప్పించండి. "ఏడు సెంటీమీటర్లంటే రెండు సెంటీమీటర్లకు మూడింతల పైన. అంటే 75 దాటాలి, వంద దాటకూడదు." ఈ ఒక్క మాట అలవాటైతే 175 రాసిన చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

ఇది నేను పిల్లల దగ్గరకన్నా మా ఇంటావిడ దగ్గర బాగా నేర్చుకున్నాను. ఇల్లు కట్టేటప్పటి సంగతి, చెప్తాను.

నల్లగొండలో రెండు వందల గజాల ప్లాటు మాది. 30 అడుగులు ఇంటూ 60. ప్లాను గీసిచ్చిన ఆయన కింది ఫ్లోరు, పై ఫ్లోరు పక్కపక్కన ఒకే ఏ3 కాగితం మీద 1:100 స్కేలులో ఇచ్చాడు. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద ఒక మీటరు. అసలు కాగితం నలిగిపోతుందని దాన్ని జిరాక్సు తీయించి మేస్త్రీకి ఇచ్చాను. జిరాక్సు షాపులో ఏ3 లేదు, ఏ4 లోకి కుదించి తీశారు. అందులో గదుల కొలతలు చీమ తలకాయంత అయిపోయి మసకబారాయి. మేస్త్రీ పాలమూరు మనిషి, పనిలో దిట్ట. అంకెలు కనబడకపోతే ఏం చేస్తాడు? జేబులోంచి స్టీలు స్కేలు తీసి కాగితం మీదే కొలిచాడు. వంటింటి గోడ రెండు సెంటీమీటర్ల ఒకటిన్నర మిల్లీమీటర్లు వచ్చింది. అంటే 2.15 మీటర్లు, మన లెక్కలో ఏడు ఫీట్లు. ఆగ్నేయం మూల నుంచి మొదలుపెట్టి ముగ్గు పోశాడు. "సారూ, వంటింటికి ఏడు ఫీట్లే వెట్టిండు ఇంజనీరు. గింత చిన్నగనా?" అని అడిగాడు కూడా. నేను కాగితం తీసుకుని, నేనూ కొలిచి, నేనూ వందతో గుణించి, "సరిగానే ఉంది, కానీయ్" అన్నాను. లెక్కల సారును కదా.

సాయంత్రం మా ఇంటావిడ వచ్చి ముగ్గు గీతల మధ్య నిలబడి రెండు చేతులూ చాపింది. "ఇది వంటిల్లా, బాత్రూమా? మనం పది ఫీట్లు అడిగాం కదా" అంది. అప్పటికి రెండు గుంతలు తవ్వేశారు. రాత్రి అసలు కాగితం తీసి కొలిస్తే అదే గోడ మూడు సెంటీమీటర్లు దాటింది.

ఏం జరిగిందంటే, ఏ3 ని ఏ4 లోకి కుదిస్తే ప్రతి పొడవూ దాదాపు 71 శాతానికి తగ్గుతుంది. కాగితం మూలన "1:100" అని రాసిన అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి. గీతలు తగ్గాయి, మాట తగ్గలేదు. ఆ జిరాక్సు మీద అసలు స్కేలు దాదాపు 1:141. ఒక సెంటీమీటరు అంటే మీటరు కాదు, మీటరు నలభై ఒక సెంటీమీటర్లు. 2.15 ని 1.41 తో గుణించండి, 3.03 మీటర్లు, అంటే పది ఫీట్లకు ఓ వేలు తక్కువ. ఆ తేడా స్కేలు మీద అర మిల్లీమీటరు అటూ ఇటూ చూడటంలో వచ్చేది.

అందుకే మంచి మ్యాపుల అడుగున చిన్న పట్టీలాంటి గీత ఒకటి గీసి, దాని మీద 0, 1, 2, 3 కి.మీ. అని గుర్తులు పెడతారు. కాగితం కుదిస్తే ఆ గీత కూడా తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. ఫోనులో రెండు వేళ్లతో మ్యాపును పెద్దది చేసినప్పుడు మూలన ఉన్న గీత, దాని అంకె మారుతుండటం మీ బాబుకు చూపించండి. "1:50,000" అన్న మాటకు ఆ సదుపాయం లేదు. కాగితం కుదించిన క్షణం నుంచి అది అబద్ధం. పరీక్షలో ఈ ప్రశ్న రాదు, జీవితంలో వస్తుంది.

ఇక యూనిట్లు. పిల్లలు సగం మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. స్కేలు 1:50,000 అని నిష్పత్తిగా ఇచ్చినప్పుడు రెండు వైపులా ఒకే యూనిట్ అని అర్థం. ఒక సెంటీమీటరుకు యాభై వేల సెంటీమీటర్లు, ఒక ఇంచుకు యాభై వేల ఇంచులు, ఒక అగ్గిపుల్లకు యాభై వేల అగ్గిపుల్లలు. కిలోమీటర్లలోకి మార్చేటప్పుడు సున్నాలు లెక్కపెడుతూ కూర్చుంటారు, ఒక సున్నా జారిపోతుంది. మన లెక్కింపులో లక్ష ఉండటం ఇక్కడ భలే కలిసొస్తుంది. కిలోమీటరుకు వెయ్యి మీటర్లు, మీటరుకు వంద సెంటీమీటర్లు, అంటే కిలోమీటరుకు సరిగ్గా లక్ష సెంటీమీటర్లు. ఇది ఒక్కటి మాత్రం బట్టీ పట్టించండి, అభ్యంతరం లేదు. అప్పుడు 1:50,000 అంటే అర లక్ష, కాబట్టి సెంటీమీటరుకు అర కిలోమీటరు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే ఊళ్లు, గుట్టలు, వాగులు చూపించే వివరమైన మ్యాపులు, చాలావరకు ఈ స్కేలువే. 1:2,50,000 అంటే రెండున్నర లక్షలు, కాబట్టి రెండున్నర కిలోమీటర్లు. 1:10,00,000 అంటే పది కిలోమీటర్లు. పెన్ను ముట్టనక్కర్లేదు.

చూడండి, నల్లగొండ నుంచి మిర్యాలగూడకు రోడ్డు నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. 1:2,50,000 మ్యాపులో ఆ రోడ్డు ఎంత పొడవుంటుంది? ఇప్పుడు తెలిసింది నేల, కావాల్సింది కాగితం. నలభైలో రెండున్నరలు పదహారు. కాబట్టి 16 సెం.మీ. మీ వాడు ఇక్కడ "అయితే ఇప్పుడు భాగించాలా?" అని అడుగుతాడు. మీరు జవాబు చెప్పకండి. "కాగితం పెద్దదా, నేల పెద్దదా?" అని తిరిగి అడగండి. అయితే స్కేలు బద్ద పెట్టి రెండు ఊళ్ల చుక్కల మధ్య కొలిస్తే 16 రాదు, తక్కువ వస్తుంది. బద్ద కొలిచేది కాకి ఎగిరే దారిని, బస్సు పోయే దారిని కాదు. రోడ్డు మలుపుల వెంట దారం పరిచి, ఆ దారాన్ని కొలవాలి. నేను తరగతిలో ఈ పని చేయించిన రోజున ఎవరికీ నిద్ర రాలేదు.

కాగితమే పెద్దదైన లెక్కలూ ఉంటాయి. చీమ బొమ్మను 20:1 స్కేలులో గీశారంటే 4 మి.మీ. చీమ కాగితం మీద 8 సెం.మీ. అవుతుంది. అంకెల వరుస మారింది చూశారా? మొదటి అంకె ఎప్పుడూ కాగితానిది. "స్కేలు ఉంటే నేల వైపు గుణించేయ్" అని బట్టీ పట్టినవాడు ఇక్కడ బోల్తా పడతాడు. అందుకే సూత్రం ఇవ్వనన్నాను.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. వైశాల్యం. పై తరగతుల పిల్లలే కాదు, పోటీ పరీక్షలు రాసే పెద్దవాళ్లు కూడా ఇక్కడ జారతారు. అయితే మీ దగ్గర పొలం ఉన్నట్టయితే మీ వాడికి ఇది నాకన్నా బాగా మీరే చెప్పగలరు.

ఊరి నక్షా, అంటే పొలాల హద్దులు చూపించే పటం, ఒకటి ఉందనుకోండి, దాని స్కేలు 16 ఇంచులకు ఒక మైలు. పాత నక్షాల్లో ఈ స్కేలు తగులుతుంది. మైలుకు 5,280 అడుగులు. పదహారుతో భాగిస్తే 330. అంటే కాగితం మీద ఒక ఇంచు నేల మీద 330 అడుగులు. 66 అడుగుల సర్వే గొలుసులు సరిగ్గా అయిదు. ఈ 330 ఊరికే రాలేదు. మన గుంట 33 అడుగులు ఇంటూ 33 అడుగులు, 1,089 చదరపు అడుగులు, 121 గజాలు. ఇప్పుడు నక్షా మీద ఒక ఇంచు పొడవు, ఒక ఇంచు వెడల్పు చతురస్రం గీయండి. నేల మీద అది 330 ఇంటూ 330. అటు పది గుంటల పక్కలు, ఇటు పది గుంటల పక్కలు. మొత్తం వంద గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి రెండెకరాల ఇరవై గుంటలు. గొలుసుతో కొలిచేవాళ్ల చేతికి అనువుగా ఉండేలా ఈ కొలతలన్నీ ఎలా ఒకదాంట్లో ఒకటి ఒదిగాయో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇప్పుడు లెక్క. నక్షాలో ఒక సర్వే నంబరు ఒకటిన్నర ఇంచుల పొడవు, 0.8 ఇంచు వెడల్పు దీర్ఘచతురస్రంలా ఉంది. పొలం ఎంత? కాగితం మీద వైశాల్యం 1.5 × 0.8 = 1.2 చదరపు ఇంచులు. పిల్లలు వెంటనే 1.2 × 330 = 396 అని రాసి "చ.అ." అని పక్కన పెడతారు. అడగండి: 396 చదరపు అడుగులంటే ఎంత? ఇరవై ఇంటూ ఇరవై గది కన్నా కాస్త తక్కువ. ఊరి నక్షాలో సర్వే నంబరు బర్రెల కొట్టమంత ఉంటుందా? ఉండదు. పొడవులో ఒక్కో ఇంచు 330 అడుగులైంది, వెడల్పులో ఒక్కో ఇంచూ 330 అడుగులైంది. కాబట్టి ఒక్కో చదరపు ఇంచుకు 330 × 330 చదరపు అడుగులు రావాలి. ఒక చదరపు ఇంచుకు వంద గుంటలు, 1.2 కు 120 గుంటలు, మూడెకరాలు. వర్గం చెయ్యడం గుర్తులేకపోతే ఇంకో దారి ఉంది, చిన్న పిల్లలకు అదే మంచిది. ముందు పొడవును, వెడల్పును విడివిడిగా నేల మీదికి తెచ్చుకోవాలి. 1.5 ఇంచులు 495 అడుగులు, 0.8 ఇంచు 264 అడుగులు. ఆ తర్వాత గుణించాలి. 1,30,680 చదరపు అడుగులు. 1,089 తో భాగిస్తే మళ్లీ అదే 120. రెండు దారులూ ఒకచోటే తేలాయంటే లెక్క సరైనట్టే.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, పాసుబుక్కులో 2.20 అని ఉంటే అది 2.2 ఎకరాలు కాదు. రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. చుక్క తర్వాతిది దశాంశం కాదు, గుంటలు. పదో తరగతి పాసైన పిల్లలే 2.20 ని 2.2 గా తీసుకుని పన్నెండు గుంటలు మాయం చేయడం చూశాను.

మోడళ్ల దగ్గర ఘనపరిమాణం కూడా వచ్చి చేరుతుంది. ఊళ్లో 40,000 లీటర్ల వాటర్ ట్యాంకు ఉంది. దాని మోడల్ 1:20 స్కేలులో చేస్తే ఎన్ని నీళ్లు పడతాయి? నలభై వేలను ఇరవైతో భాగించి రెండు వేల లీటర్లు అనేవాళ్లే ఎక్కువ. రెండు వేల లీటర్లంటే మేడ మీది సింటెక్స్ ట్యాంకు, దాన్ని బల్ల మీద పెట్టే మోడల్ అంటారా? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవయ్యో వంతుకు తగ్గాయి. 20 × 20 × 20 అంటే 8,000. నలభై వేలను ఎనిమిది వేలతో భాగిస్తే 5 లీటర్లు, ఒక నూనె క్యానంత. అదే ట్యాంకు పైన రంగు వెయ్యాలంటే 400 వంతుల్లో ఒక వంతు చాలు, రంగు పైపైనే కాబట్టి.

వినాయకుడి విగ్రహాలతో ఈ లెక్క అడిగితే పిల్లలు ఉత్సాహంగా చెప్తారు. అడుగు విగ్రహం కంటే అదే పోలికలో ఆరడుగుల విగ్రహానికి రంగు 36 రెట్లు, మట్టి 216 రెట్లు. అయితే ఒకసారి ఓ పిల్లవాడు లేచి, "సార్, పెద్ద విగ్రహం లోపల గడ్డే ఉంటది, మట్టి పైనే పెడతరు" అన్నాడు. వాడు చెప్పిందే నిజం. లోపల బోలుగా ఉండి పూత మందం అంతే ఉంటే మట్టి కూడా రంగు లాగే 36 రెట్ల దగ్గర్లో ఉంటుంది. పుస్తకంలో "గట్టి విగ్రహం" అని రాయకపోతే లెక్క సగమే ఇచ్చినట్టు. ఆ పిల్లవాడికి ఆ రోజు చప్పట్లు కొట్టించాను.

సైన్స్ ఫెయిర్ మోడల్ చేయమని బడిలో చెప్పినప్పుడు స్కేలు ఎవరూ ఇవ్వరు, మనమే ఎంచుకోవాలి. దేవరకొండ నుంచి సాగర్ ఎంతో దూరం కాదు కాబట్టి నాగార్జునసాగర్ డ్యామే తీసుకుందాం. పునాది నుంచి ఎత్తు 124 మీటర్లు. గేట్లు 26, ఒక్కోటి 14 మీటర్ల వెడల్పు, 13 మీటర్ల ఎత్తు. రాతికట్టడం పొడవు సుమారు కిలోమీటరున్నర అనుకోండి. పిల్లలు మొదట ఎత్తు చూసి స్కేలు పెడతారు. 1:400 అయితే 31 సెం.మీ., అట్టతో చక్కగా వస్తుంది అనుకుంటారు. ఆ స్కేలులో పొడవు ఎంత? కిలోమీటరున్నర అంటే లక్షన్నర సెంటీమీటర్లు, నాలుగు వందలతో భాగిస్తే 375. మూడుముప్పావు మీటర్ల డ్యామును ఏ బల్ల మీద పెడతారు? ఎప్పుడూ అన్నిటికన్నా పొడవైన కొలతను ముందు చూడాలి. బల్ల మీద మీటరున్నర చోటుంటే 1:1000. అప్పుడు ఎత్తు 12.4 సెం.మీ., గేటు 1.4 ఇంటూ 1.3 సెం.మీ. కత్తెర పట్టుకున్న చేతికి 26 గేట్లు కత్తిరించడం కష్టమే కానీ అవుతుంది. పక్కన మనుషుల బొమ్మలు పెడతామంటారు, వద్దనండి. ఆ స్కేలులో అయిదున్నర అడుగుల మనిషి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండడు. బియ్యపు గింజ నిలబెట్టినా మనిషికి మూడింతలు అవుతుంది.

స్కేలు మీద ఆధారపడనిది ఒకటుంది. సాగర్ దగ్గర బుద్ధవనంలో మహాస్తూపం వ్యాసం 42 మీటర్లు, ఎత్తు 21. వ్యాసం ఎత్తుకు రెట్టింపు. మీరు ఏ స్కేలులో మోడల్ చేసినా వ్యాసం ఎత్తుకు రెట్టింపే ఉండాలి. 30 సెం.మీ. వ్యాసం పెడితే ఎత్తు 15. స్కేలు ఎంతో కనుక్కోకుండానే జవాబు వచ్చేసింది. ప్రశ్నలో రెండు అసలు కొలతలు, ఒక మోడల్ కొలత ఇస్తే ఈ దారి పట్టమనండి, టైం కలిసొస్తుంది.

అయితే నిలువుకు ఒక స్కేలు, అడ్డానికి ఒక స్కేలు ఉండే బొమ్మలు లోకంలో ఉన్నాయి. పోచంపల్లి నేతగాళ్లను అడగండి. ఇక్కత్ డిజైనును ముందు గ్రాఫ్ పేపరు మీద గీస్తారు, ఒక్కో గడికి ఇన్ని దారాలని లెక్క. గడికి నాలుగు దారాలనుకుందాం. 48 గళ్ల వెడల్పు, 48 గళ్ల ఎత్తుతో గుండ్రటి పువ్వు గీశారు. రెండు వైపులా 192 దారాలు. కానీ మగ్గం మీద ఇంచుకు పడుగు (నిలువు దారాలు) 64, పేక (అడ్డ దారాలు) 48 పడుతుందనుకోండి. వెడల్పు 192 ని 64 తో భాగిస్తే 3 ఇంచులు, పొడవు 192 ని 48 తో భాగిస్తే 4 ఇంచులు. గ్రాఫ్ మీద గుండ్రంగా ఉన్న పువ్వు చీర మీద కోడిగుడ్డు అయింది. అది గుండ్రంగా రావాలంటే గ్రాఫ్ మీద ఎత్తు 48 గళ్లు కాదు, 36 గళ్లే వెయ్యాలి. కాగితం మీద అణిగినట్టు కనబడుతుంది, గుడ్డ మీద సరిపోతుంది. మీ బాబుకు ఇప్పుడే ఇది అక్కర్లేదు. తొమ్మిదో తరగతికి వచ్చాక పోచంపల్లి తీసుకెళ్లి చూపించండి.

చిన్న విషయాలు రెండు. "పెద్ద స్కేలు మ్యాపు ఏది, 1:1,000 నా 1:50,000 నా?" అని అడుగుతారు. 1:1,000 దే పెద్ద స్కేలు, వెయ్యో వంతు యాభైవేలో వంతు కంటే పెద్దది కాబట్టి. ఇంకోటి, స్కేలు కనుక్కోమన్నప్పుడు జవాబు చివర "సెం.మీ." పెట్టకూడదు. నిష్పత్తికి యూనిట్ ఉండదు. 3 సెం.మీ. : 9 మీ. అంటే 3 : 900, అంటే 1:300, అంతే.

ఈ ఆదివారం మీ వాడికి పుస్తకం లెక్కలు ఇవ్వకండి. గళ్ల నోట్‌బుక్కు, టేపు చేతికివ్వండి. ఒక గడి అర అడుగు అనుకుని మీ ముందు గది గీయమనండి. తలుపులు, కిటికీలు, టీవీ స్టాండు అన్నీ. తర్వాత మంచాన్ని విడిగా ఇంకో గళ్ల కాగితం మీద అదే స్కేలులో గీసి, కత్తిరించి, గది బొమ్మ మీద అటూ ఇటూ జరిపి చూడమనండి, తలుపు తెరుచుకుంటుందో లేదో. మంచం ముక్క గది గోడ దాటి బయటికి వచ్చిందంటే తిట్టకండి. టేపుకు ఒక పక్క ఇంచులు, ఒక పక్క సెంటీమీటర్లు ఉంటాయి. గదిని ఒక పక్కతో, మంచాన్ని ఇంకో పక్కతో కొలిచాడేమో ముందు అది చూడండి.